అణ్వస్త్ర వ్యాప్తి నిరోధానికి విదేశాంగ విధాన సాధనాలు

అణ్వస్త్ర వ్యాప్తి అనగా అణ్వాయుధాలు లేని దేశాలకు ఆ ఆయుధాలు గానీ, వాటిని తయారుచేసే పరిజ్ఞానం గానీ, అందుకు కావలసిన పదార్థాలు గానీ చేరడం. ఈ వ్యాప్తిని ఆపడానికి, ఆలస్యం చేయడానికి, లేదా వెనక్కి మళ్ళించడానికి దేశాలు తమ విదేశాంగ విధానంలో భాగంగా అనుసరించే మార్గాలను అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక సాధనాలు అంటారు. ఒప్పందాలు, తనిఖీలు, ఎగుమతుల నియంత్రణ, ఆర్థిక ఆంక్షలు, ప్రోత్సాహకాలు, భద్రతా హామీలు, రహస్య చర్యలు, సైనిక దాడులు వీటిలో ముఖ్యమైనవి. ఇందులో ఏ ఒక్కటీ అన్ని సందర్భాలలోనూ ఫలించలేదు. ఒక దేశం బాంబు ఎందుకు కోరుకుంటున్నది, ఆ పనిలో ఎంత దూరం వెళ్ళింది అనే రెండు విషయాలపై సాధనం ఎంపిక ఆధారపడి ఉంటుంది.

== నేపథ్యం ==

1945లో అమెరికా మొదటి అణు పరీక్ష జరిపి, అదే సంవత్సరం ఆగస్టులో హిరోషిమా, నాగసాకి నగరాలపై బాంబులు వేసింది. తరువాత సోవియట్ యూనియన్ (1949), బ్రిటన్ (1952), ఫ్రాన్స్ (1960), చైనా (1964) వరుసగా అణు పరీక్షలు జరిపాయి. 1970ల నాటికి 15 నుండి 25 దేశాల వద్ద అణ్వాయుధాలు ఉండవచ్చునని అమెరికా అధ్యక్షుడు జాన్ కెన్నెడీ 1963లో ఆందోళన వ్యక్తం చేశాడు. అలా జరగలేదు. పై ఐదు దేశాలు కాక భారతదేశం, పాకిస్తాన్, ఉత్తర కొరియా అణు పరీక్షలు జరిపాయి. ఇజ్రాయిల్ వద్ద అణ్వాయుధాలున్నాయని విస్తృతంగా భావిస్తారు గానీ ఆ దేశం ఔననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. దక్షిణ ఆఫ్రికా తయారుచేసిన ఆయుధాలను తానే విడదీసింది. ఈ సంఖ్య ఇంత తక్కువగా ఉండడానికి క్రింద వివరించిన సాధనాలు ఎంతవరకు కారణం అన్నది పరిశోధకుల మధ్య చర్చనీయాంశం.

== సాంకేతిక మూలం ==

బాంబు తయారీలో అన్నిటికన్నా కష్టమైనది విచ్ఛిత్తి చెందే పదార్థాన్ని సంపాదించడం. దానికి రెండు మార్గాలు ఉన్నాయి.

* '''యురేనియం శుద్ధి:''' సహజ యురేనియంలో యురేనియం-235 సుమారు 0.7 శాతం మాత్రమే ఉంటుంది. విద్యుత్ కేంద్రాలలో ఎక్కువ భాగానికి దీనిని 3 నుండి 5 శాతానికి పెంచితే సరిపోతుంది. ఆయుధానికి సాధారణంగా 90 శాతం వరకు పెంచుతారు. ఈ పనికి అతివేగంగా తిరిగే సెంట్రిఫ్యూజ్ యంత్రాలను వాడతారు.
* '''ప్లుటోనియం వేరుచేయడం:''' రియాక్టరులో వాడిన ఇంధనం నుండి రసాయనిక పద్ధతిలో ప్లుటోనియంను వేరుచేస్తారు. దీనిని పునఃశుద్ధి అంటారు.

ఈ రెండు పనులూ విద్యుత్ ఉత్పత్తికీ ఉపయోగపడతాయి, ఆయుధానికీ ఉపయోగపడతాయి. సమస్య అంతా ఇక్కడే ఉన్నది. పైగా యురేనియంను విద్యుత్ కేంద్రపు స్థాయికి తెచ్చేసరికే ఆయుధ స్థాయికి కావలసిన శ్రమలో సగానికి పైగా పూర్తవుతుంది. కావున ఒక దేశం శాంతియుత అవసరం కోసమే యంత్రాలు నడుపుతున్నదా లేక బాంబు కోసమా అన్నది యంత్రాన్ని చూసి మాత్రమే చెప్పడం సాధ్యం కాదు.

== ముఖ్య సాధనాలు ==

=== ఒప్పందాలు ===

అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం (ఎన్.పి.టి.) 1968 జూలై 1న సంతకాలకు సిద్ధమై, 1970 మార్చి 5న అమలులోకి వచ్చింది. 1967 జనవరి 1కి ముందు అణు పేలుడు జరిపిన ఐదు దేశాలను మాత్రమే ఇది అణ్వస్త్ర దేశాలుగా గుర్తిస్తుంది. మిగిలిన సభ్యదేశాలు అణ్వాయుధాలు సంపాదించబోమని మాట ఇస్తాయి. బదులుగా వాటికి శాంతియుత అణుశక్తిని పొందే హక్కు ఉంటుంది. అణ్వస్త్ర దేశాలు నిరాయుధీకరణకు చిత్తశుద్ధితో చర్చలు జరపాలని ఆరవ అధికరణం చెబుతుంది. 1995లో ఈ ఒప్పందాన్ని నిరవధికంగా పొడిగించారు. భారతదేశం, పాకిస్తాన్, ఇజ్రాయిల్, దక్షిణ సూడాన్ ఇందులో చేరలేదు.

అణ్వస్త్ర రహిత మండలాలు మరొక రకం ఒప్పందాలు. లాటిన్ అమెరికా (1967), దక్షిణ పసిఫిక్ (1985), ఆగ్నేయాసియా (1995), ఆఫ్రికా (1996), మధ్య ఆసియా (2006) ప్రాంతాల దేశాలు ఇటువంటి ఒప్పందాలపై సంతకాలు చేశాయి. 1996 నాటి సమగ్ర పరీక్షల నిషేధ ఒప్పందం మాత్రం అవసరమైన దేశాలన్నీ ఆమోదించకపోవడంతో అమలులోకి రాలేదు.

=== తనిఖీలు ===

అంతర్జాతీయ అణుశక్తి సంస్థ (ఐ.ఎ.ఇ.ఎ.) 1957లో ఏర్పడింది. దీని ప్రధాన కార్యాలయం ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఉన్నది. సభ్యదేశాలు ప్రకటించిన అణు పదార్థాల లెక్క సరిచూడడం, సీళ్ళు వేయడం, కెమెరాలు అమర్చడం, నమూనాలు సేకరించి పరీక్షించడం ఈ సంస్థ పనులు. బాంబు తయారీకి అవకాశం ఇచ్చే కనీస పరిమాణంగా ఈ సంస్థ 8 కిలోల ప్లుటోనియంను, లేదా అధికంగా శుద్ధి చేసిన యురేనియంలోని 25 కిలోల యురేనియం-235ను లెక్కలోకి తీసుకుంటుంది.

1991 గల్ఫ్ యుద్ధం తరువాత ఇరాక్‌లో ఒక రహస్య ఆయుధ కార్యక్రమం బయటపడింది. దేశం తానై ప్రకటించిన చోట్లను మాత్రమే చూస్తే చాలదని దీనితో తేలింది. అందువలన 1997లో అదనపు ప్రోటోకాల్ అనే నమూనా ఒప్పందాన్ని రూపొందించారు. దీనిని అంగీకరించిన దేశాలలో తనిఖీదారులు ప్రకటించని ప్రదేశాలకు సైతం వెళ్ళే వీలు పెరిగింది. బ్రెజిల్, అర్జెంటీనాలు 1991లో ఉమ్మడి సంస్థను ఏర్పరచి ఒకరి కేంద్రాలను మరొకరు తనిఖీ చేసుకునే పద్ధతిని అనుసరించాయి.

=== ఎగుమతుల నియంత్రణ ===

1974లో భారతదేశపు అణు పరీక్ష తరువాత అణు సరఫరాదారుల బృందం (ఎన్.ఎస్.జి.) ఏర్పడింది. సభ్యదేశాలు ఏ వస్తువులను ఏ షరతులపై అమ్మాలో ఇది నిర్దేశిస్తుంది. ఈ బృందంలో 48 దేశాలు ఉన్నాయి.

దొంగచాటు వ్యాపారం ఈ పద్ధతికి పెద్ద సవాలు. పాకిస్తాన్ శాస్త్రవేత్త ఎ.క్యు. ఖాన్ నడిపిన రహస్య వ్యవస్థ సెంట్రిఫ్యూజ్ పరిజ్ఞానాన్ని ఇరాన్, లిబియా, ఉత్తర కొరియాలకు చేర్చింది. 2004 ఫిబ్రవరిలో ఆయన టెలివిజన్‌లో దీనిని అంగీకరించాడు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి 1540వ తీర్మానం ద్వారా అన్ని దేశాలూ ఇటువంటి వ్యాపారాన్ని నేరంగా పరిగణించే చట్టాలు చేయాలని ఆదేశించింది.

=== ఆంక్షలు ===

సహాయం నిలిపివేయడం, బ్యాంకు లావాదేవీలు అడ్డుకోవడం, చమురు కొనుగోలు ఆపడం వంటివి ఆంక్షలలోని రకాలు. ఇవి ఒక దేశం విధించేవి కావచ్చు, లేదా భద్రతా మండలి ద్వారా అన్ని దేశాలూ పాటించవలసినవి కావచ్చు.

ఆంక్షల బలం ఎక్కువగా హెచ్చరిక దశలోనే ఉంటుంది. 1970లలో దక్షిణ కొరియా ఫ్రాన్స్ నుండి పునఃశుద్ధి కర్మాగారం కొనబోగా, అమెరికా ఒత్తిడి తెచ్చి ఆ ఆలోచనను మాన్పించింది. రక్షణ కోసం అమెరికాపై ఆధారపడిన దేశానికి ఆ బంధం తెగిపోతుందనే భయం బలమైనది. తెగించిన దేశానికి, లేక పెద్దగా వ్యాపారం లేని దేశానికి అటువంటి భయం తక్కువ.

ఇతర ప్రయోజనాలు అడ్డు వచ్చినపుడు ఆంక్షలు పక్కకు జరగడమూ కద్దు. పాకిస్తాన్ వద్ద అణ్వాయుధం లేదని అమెరికా అధ్యక్షుడు ఏటా ధృవీకరిస్తేనే ఆ దేశానికి సహాయం అందాలని 1985లో ప్రెస్లర్ సవరణ నిర్దేశించింది. ఆఫ్ఘనిస్తాన్‌లో సోవియట్ సైన్యం ఉన్నంతకాలం ఆ ధృవీకరణ అందుతూ వచ్చింది. సోవియట్ సైన్యం వెళ్ళిపోయిన మరుసటి సంవత్సరం, అనగా 1990లో, అది ఆగిపోయింది.

=== ప్రోత్సాహకాలు ===

ఆయుధ మార్గాన్ని వదిలిన దేశానికి ఇంధనం, రియాక్టర్లు, ధన సహాయం, దౌత్య గుర్తింపు ఇవ్వజూపడం ఈ కోవలోకి వస్తుంది. సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైనపుడు ఆ ఆయుధాలు రష్యాతో పాటు ఉక్రెయిన్, బెలారస్, కజకస్తాన్‌లలో మిగిలిపోయాయి. వాటిని తొలగించడానికి 1991లో అమెరికా సెనేటర్లు నన్, లూగర్‌ల పేరుతో ప్రసిద్ధమైన సహాయ పథకం మొదలైంది. 1994లో కజకస్తాన్ నుండి సుమారు 600 కిలోల అధిక శుద్ధి యురేనియంను రహస్యంగా అమెరికాకు తరలించారు. 1993 నాటి మరొక ఒప్పందం ప్రకారం రష్యా ఆయుధాలలోని 500 టన్నుల యురేనియంను పలుచన చేసి 2013 వరకు అమెరికా విద్యుత్ కేంద్రాలకు ఇంధనంగా అమ్మారు.

=== భద్రతా హామీలు ===

చాలా దేశాలు శత్రుభయంతోనే బాంబు కోరుకుంటాయి. ఆ భయాన్ని తగ్గించడం ఈ సాధనం లక్ష్యం. దాడి జరిగితే తమ అణ్వాయుధాలతో సైతం రక్షిస్తామని అమెరికా తన మిత్రదేశాలైన జపాన్, దక్షిణ కొరియా, నాటో సభ్యదేశాలకు మాట ఇచ్చింది. దీనిని అణు ఛత్రం అంటారు.

ఉక్రెయిన్‌కు లభించిన హామీ ఇంత బలమైనది కాదు. 1994 డిసెంబరు 5న బుడాపెస్ట్ పత్రంపై సంతకం చేసిన అమెరికా, బ్రిటన్, రష్యాలు ఆ దేశపు సరిహద్దులను గౌరవిస్తామని పేర్కొన్నాయి. అయితే దాడి జరిగితే సైన్యంతో వచ్చి కాపాడుతామని ఎవరూ అనలేదు. ఉక్రెయిన్ 1996 నాటికి తన నేలపై ఉన్న ఆయుధాలన్నిటినీ రష్యాకు పంపివేసింది. 2014లో రష్యా క్రిమియాను కలుపుకొన్నది, 2022 ఫిబ్రవరిలో పూర్తిస్థాయి యుద్ధానికి దిగింది. ఆ ఆయుధాల ప్రయోగ సంకేతాలు మాస్కో చేతిలోనే ఉండేవి కనుక అవి ఉక్రెయిన్‌కు ఉపయోగపడేవి కావని కొందరు నిపుణుల వాదన. ఏదేమైనా కాగితం మీది హామీ విలువ ఎంత అనే ప్రశ్నకు ఈ ఉదాహరణను తరచుగా చూపుతారు.

=== నిఘా, అడ్డగింత, రహస్య చర్యలు ===

అనుమానాస్పద సరుకును సముద్రంపైనే, లేక రేవులోనే ఆపడానికి అమెరికా 2003 మే నెలలో వ్యాప్తి భద్రతా చొరవ అనే ఏర్పాటును ప్రకటించింది. అదే సంవత్సరం అక్టోబరులో లిబియాకు సెంట్రిఫ్యూజ్ భాగాలు తీసుకుపోతున్న 'బి.బి.సి. చైనా' అనే నౌకను దారి మళ్ళించి సోదా చేశారు. ఆ డిసెంబరులో లిబియా తన కార్యక్రమాన్ని వదులుకుంటున్నట్లు ప్రకటించింది. ఇరాన్‌లోని నతాంజ్ కేంద్రపు సెంట్రిఫ్యూజ్‌లను పాడుచేసిన స్టక్స్‌నెట్ అనే కంప్యూటర్ వైరస్ 2010లో బయటపడింది.

=== సైనిక దాడి ===

1981 జూన్ 7న ఇజ్రాయిల్ విమానాలు ఇరాక్‌లోని ఒసిరాక్ రియాక్టరును ధ్వంసం చేశాయి. భద్రతా మండలి 487వ తీర్మానంలో ఈ దాడిని ఖండించింది. ఆ తరువాత ఇరాక్ మరింత రహస్యంగా యురేనియం శుద్ధికి పూనుకొన్నట్లు 1991 తరువాతి తనిఖీలలో తెలిసింది. 2007 సెప్టెంబరు 6న సిరియాలో నిర్మాణంలో ఉన్న ఒక రియాక్టరును ఇజ్రాయిల్ కూల్చివేసింది. 2003లో ఇరాక్‌పై అమెరికా దండెత్తడానికి చూపిన ప్రధాన కారణం సామూహిక వినాశక ఆయుధాలు. యుద్ధం తరువాత వెదికితే అవి దొరకలేదు. తప్పుడు సమాచారంపై ఆధారపడి ఈ సాధనాన్ని వాడితే ఎంత నష్టమో ఈ యుద్ధం తెలియజేస్తుంది.

== భారతదేశ అనుభవం ==

ఈ సాధనాలు తనపై ప్రయోగింపబడిన దేశంగా, తరువాత మినహాయింపు పొందిన దేశంగా భారతదేశం రెండు విధాలా ఒక ముఖ్య ఉదాహరణ. ఎన్.పి.టి. ప్రపంచాన్ని ఆయుధాలున్న దేశాలుగా, లేని దేశాలుగా శాశ్వతంగా విడదీస్తుంది కనుక అది వివక్షతో కూడినదని భారతదేశం మొదటి నుండీ వాదించింది.

1974 మే 18న రాజస్థాన్‌లోని పోఖ్రాన్‌లో జరిపిన పరీక్షకు వాడిన ప్లుటోనియం సైరస్ రియాక్టరు నుండి వచ్చింది. ఆ రియాక్టరును కెనడా, దానికి భారజలాన్ని అమెరికా శాంతియుత వినియోగం కోసమని ఇచ్చాయి. భారతదేశం దానిని శాంతియుత పేలుడుగానే పేర్కొన్నది. కెనడా ఈ వివరణను అంగీకరించక అణు సహకారాన్ని నిలిపివేసింది. 1978లో అమెరికా చేసిన చట్టం వలన తారాపూర్ విద్యుత్ కేంద్రానికి ఇంధనం ఆగిపోగా, 1982లో కుదిరిన ఏర్పాటుతో ఆ బాధ్యత ఫ్రాన్స్‌కు మారింది.

బయటి సరఫరా తగ్గడంతో దేశీయంగా నిర్మించుకోవడం తప్పనిసరి అయింది. తెలుగు ప్రాంతాలకు ఇందులో గణనీయమైన పాత్ర ఉన్నది. హైదరాబాదులో 1971లో స్థాపించిన అణు ఇంధన సముదాయం (ఎన్.ఎఫ్.సి.) దేశంలోని రియాక్టర్లకు ఇంధన కడ్డీలను తయారుచేస్తుంది. మణుగూరులో భారజల కర్మాగారం, కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉన్నాయి. అయినా ఆంక్షల ప్రభావం లేకపోలేదు. 2000వ దశకం ద్వితీయార్థంలో యురేనియం కొరత వలన పలు రియాక్టర్లు పూర్తి సామర్థ్యంతో నడవలేకపోయాయి. ఎగుమతుల నియంత్రణ భారతదేశపు ఆయుధ కార్యక్రమాన్ని ఆపలేదు గానీ, విద్యుత్ కార్యక్రమాన్ని మాత్రం బాగా నెమ్మదింపజేసింది.

1998 మే 11, 13 తేదీలలో భారతదేశం, అదే నెల 28, 30 తేదీలలో పాకిస్తాన్ పరీక్షలు జరిపాయి. జూన్ 6న భద్రతా మండలి 1172వ తీర్మానంలో రెండు దేశాలనూ ఖండించింది. అమెరికా, జపాన్ తదితర దేశాలు ఆంక్షలు విధించాయి. జస్వంత్ సింగ్, స్ట్రోబ్ టాల్బట్‌ల మధ్య సుదీర్ఘ చర్చలు జరిగాయి. 2001 సెప్టెంబరులో అమెరికా తన ఆంక్షలను ఎత్తివేసింది.

2005 జూలై 18న ప్రధాని మన్మోహన్ సింగ్, అధ్యక్షుడు జార్జి బుష్ పౌర అణు సహకారంపై ఉమ్మడి ప్రకటన చేశారు. భారతదేశం తన 22 రియాక్టర్లలో 14 రియాక్టర్లను అంతర్జాతీయ తనిఖీకి తేవడానికి అంగీకరించింది. 2008 సెప్టెంబరు 6న అణు సరఫరాదారుల బృందం భారతదేశానికి మినహాయింపు ఇచ్చింది. ఏ దేశంతో అయితే ఆ బృందం పుట్టిందో ఆ దేశానికే ఆ మినహాయింపు దక్కింది. దీని ఫలితంగా శ్రీకాకుళం జిల్లా కొవ్వాడను అమెరికా రియాక్టర్లకు కేటాయించారు. అయితే 2010 నాటి అణు నష్టపరిహార చట్టంపై సరఫరాదారుల అభ్యంతరాలు తదితర కారణాల వలన ఆ పని ఏళ్ళ తరబడి ముందుకు సాగలేదు. ఈ మినహాయింపు ఒక బాధ్యత గల దేశాన్ని వ్యవస్థలోకి తెచ్చిందని సమర్థకులు, ఒప్పందంలో చేరిన దేశాలకు లేని వెసులుబాటును చేరని దేశానికి ఇచ్చిందని విమర్శకులు అంటారు.

== ఉత్తర కొరియా ==

1994 అక్టోబరు 21న జెనీవాలో అమెరికా, ఉత్తర కొరియాల మధ్య ఒక అంగీకారం కుదిరింది. ఉత్తర కొరియా తన ప్లుటోనియం కేంద్రాలను స్తంభింపజేయాలి. ప్రతిగా రెండు విద్యుత్ రియాక్టర్లు, అవి పూర్తయ్యేవరకు ఏటా 5 లక్షల టన్నుల చమురు అందాలి. ప్లుటోనియం పని ఎనిమిదేళ్ళు ఆగింది. కానీ రియాక్టర్ల నిర్మాణం ఆలస్యమైంది. 2002లో ఉత్తర కొరియా రహస్యంగా యురేనియం శుద్ధి చేస్తున్నదని అమెరికా ఆరోపించడంతో అంగీకారం కూలిపోయింది. 2003 జనవరిలో ఆ దేశం ఎన్.పి.టి. నుండి వైదొలగుతున్నట్లు ప్రకటించింది.

2003లో ఆరంభమైన ఆరు దేశాల చర్చలు, 2006 నుండి భద్రతా మండలి విధించిన ఆంక్షలు, 2018-19లో అధ్యక్షుడు ట్రంప్, కిమ్ జాంగ్ ఉన్‌ల సమావేశాలు ఫలితం ఇవ్వలేదు. 2006 నుండి 2017 వరకు ఉత్తర కొరియా ఆరు అణు పరీక్షలు జరిపింది. ఆంక్షల అమలును పరిశీలించే నిపుణుల సంఘం కొనసాగింపును 2024 మార్చిలో రష్యా తన వీటోతో అడ్డుకున్నది.

== ఇరాన్ ==

ఇరాన్‌లో నతాంజ్, అరాక్ కేంద్రాల విషయం 2002లో వెల్లడైంది. 2006 నుండి 2010 వరకు భద్రతా మండలి వరుస తీర్మానాలతో ఆంక్షలు విధించింది. 2015 జూలై 14న ఇరాన్, మరి ఆరు దేశాలు, ఐరోపా సమాఖ్య కలిసి ఒక ఒప్పందానికి వచ్చాయి. శుద్ధి 3.67 శాతం దాటరాదని, నిల్వ 300 కిలోలు మించరాదని, సెంట్రిఫ్యూజ్‌లు సుమారు 19,000 నుండి 6,104కు తగ్గాలని, బదులుగా ఆంక్షలు తొలగించాలని దానిలో ఉన్నది. ఇరాన్ షరతులను పాటిస్తున్నదని ఐ.ఎ.ఇ.ఎ. పలుమార్లు నివేదించింది.

పరిమితులలో కొన్నిటికి గడువు ఉన్నదని, క్షిపణుల ప్రస్తావన లేదని విమర్శిస్తూ 2018 మే 8న అమెరికా వైదొలగింది. క్రమంగా ఇరాన్ సైతం పరిమితులను దాటి 2021 ఏప్రిల్‌లో 60 శాతం శుద్ధి మొదలుపెట్టింది. 2025 జూన్ 13న ఇజ్రాయిల్, జూన్ 22న అమెరికా ఇరాన్ అణు కేంద్రాలపై దాడులు చేశాయి. ఆ నాటికి ఇరాన్ వద్ద 60 శాతం శుద్ధి చేసిన యురేనియం 400 కిలోలకు పైగా ఉన్నదని ఐ.ఎ.ఇ.ఎ. అంచనా. దాడుల తరువాత తనిఖీలకు ఇరాన్ సహకారాన్ని నిలిపివేయడంతో ఆ నిల్వను సరిచూడడం సాధ్యం కాలేదు. 2025 సెప్టెంబరులో బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీల చొరవతో పాత ఆంక్షలు తిరిగి వచ్చాయి. రష్యా, చైనా దీనిని అంగీకరించలేదు. ఒకే దేశంపై ఆంక్షలు, చర్చలు, తనిఖీలు, వైరస్, బాంబులు అన్నీ ప్రయోగింపబడిన ఉదాహరణ ఇది.

== ఫలితాలు, విమర్శలు ==

పై అనుభవాల నుండి విశ్లేషకులు సాధారణంగా ఈ క్రింది విషయాలను పేర్కొంటారు.

* '''ముందుగా వాడిన సాధనమే మేలు.''' దక్షిణ కొరియా విషయంలో కర్మాగారం రాకముందే ఒత్తిడి ఫలించింది. బాంబు తయారైన తరువాత ఉత్తర కొరియాను వెనక్కి మళ్ళించడం సాధ్యం కాలేదు.
* '''లోపలి కారణాలు ముఖ్యం.''' దక్షిణ ఆఫ్రికా ఆరు బాంబులు తయారుచేసి, వాటిని విడదీసి, 1991లో ఎన్.పి.టి.లో చేరింది. ఈ సంగతిని అధ్యక్షుడు డి క్లర్క్ 1993 మార్చిలో వెల్లడించాడు. అంగోలా నుండి క్యూబా సేనల ఉపసంహరణతో భయం తగ్గడం, వర్ణవివక్ష పాలన ముగింపుకు రావడం దీనికి ముఖ్య కారణాలుగా చెబుతారు.
* '''మాట నిలుపుకోవడం అవసరం.''' లిబియా నేత గడాఫీ 2003లో కార్యక్రమాన్ని వదిలాడు. 2011లో నాటో వైమానిక దాడుల మధ్య తిరుగుబాటుదారుల చేతిలో మరణించాడు. ఆయుధాలు వదిలితే ఇదే గతి అని ఉత్తర కొరియా 2011లోనే వ్యాఖ్యానించింది. ఒక దేశానికి ఇచ్చిన మాట తప్పితే ఇతర దేశాలతో చర్చలు కూడా కష్టమవుతాయి.
* '''దాడి పరిజ్ఞానాన్ని చెరపలేదు.''' భవనాలు, యంత్రాలు ధ్వంసమైనా శాస్త్రవేత్తల విద్య మిగులుతుంది. దాడి వలన కాలం కలిసివస్తుంది, కానీ తనిఖీదారులు బయటకు పోతే చూసే కళ్ళు కూడా పోతాయి.
* '''అసమానత ప్రశ్న.''' అణ్వస్త్ర దేశాలు తమ ఆయుధాలను వదలకుండా ఇతరులను వద్దనడం న్యాయం కాదని అనేక దేశాలు భావిస్తాయి. ఈ అసంతృప్తితోనే 2017లో అణ్వాయుధాల నిషేధ ఒప్పందం రూపొంది, 2021 జనవరి 22న అమలులోకి వచ్చింది. అణ్వాయుధాలున్న దేశాలేవీ దానిలో చేరలేదు.

== ఇవి కూడా చూడండి ==

* అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం
* అంతర్జాతీయ అణుశక్తి సంస్థ
* పోఖ్రాన్ అణు పరీక్షలు
* భారత-అమెరికా పౌర అణు ఒప్పందం
* అణు ఇంధన సముదాయం, హైదరాబాదు